ఇల్ పోస్తీనో: ఉత్తరాలు మోసినవాడే కవి అయిన కథ

1994లో వచ్చిన ఇటలీ సినిమా ‘ఇల్ పోస్తీనో’ పేరెత్తగానే చాలామంది చిలీ కవి పాబ్లో నెరుడా మీద తీసిన సినిమా అంటారు. నేను ఒప్పుకోను. అది మారియో రువొప్పోలో అనే పోస్ట్‌మ్యాన్ సినిమా. నెరుడా అందులో కొన్నాళ్లు ఉండి వెళ్లిపోయే అతిథి. కవిత్వం గొప్పదని కవులే చెప్పుకోవడం మనకు అలవాటే. ఆ కవిత్వం చెవిన పడ్డ మామూలు మనిషికి ఏమవుతుందో, వాడి చూపు రోజురోజుకీ ఎలా మారుతుందో ఇంత ఓపికగా చూపించిన సినిమా నేను ఇంకోటి చూడలేదు.

ముందే చెబుతున్నాను, చివరి సీన్ల దాకా మాట్లాడతాను. ఏమీ తెలియకుండా చూడాలనుకునేవాళ్లు చూశాకే ఇది చదవండి.

కథ 1950ల మొదట్లో జరుగుతుంది. స్వదేశం చిలీలో ఉండనివ్వకపోతే నెరుడా భార్య మతీల్దేతో కలిసి ఇటలీలోని ఒక చిన్న దీవికి వస్తాడు. కొండ మీద ఇల్లు. ప్రపంచం నలుమూలల నుంచీ ఆయనకు ఉత్తరాలు. ఆ దీవిలో మిగతావాళ్లకు చదువు రాదు, ఉత్తరాలూ రావు. అందుకని ఆ ఒక్క ఇంటి కోసం ఒక పోస్ట్‌మ్యాన్ కావాలి, సొంత సైకిల్ ఉన్నవాడై ఉండాలి. మారియోకి సైకిల్ ఉంది. తండ్రి జాలరి. మారియోకి వేటకి వెళ్లడం ఇష్టం లేదు, పడవలో తేమకి జలుబు చేస్తుందని తప్పించుకుంటూ ఉంటాడు. ఏదో కాస్త కూడబలుక్కుని చదవగలడు. జీతం వారానికో సినిమాకి సరిపోయేంత. అలా మొదలవుతుంది వీళ్లిద్దరి పరిచయం.

నిజ చరిత్ర కూడా దీనికి దగ్గర్లోనే ఉంది. 1952 జనవరిలో ఇటలీ ప్రభుత్వం నెరుడాని దేశం వదిలి పొమ్మంది. రోమ్ స్టేషన్లో రచయితలు, కళాకారులు గుమిగూడి గొడవ చేస్తే ఆ ఆర్డర్ వెనక్కి తీసుకుంది. తర్వాత ఆయన కొన్ని నెలలు కాప్రి దీవిలో ఉన్నాడు. ఆ ఏడాదే నేపుల్స్‌లో ఆయన ప్రేమ కవితల పుస్తకం ఒకటి రచయిత పేరు లేకుండా అచ్చయింది, 44 కాపీలు మాత్రమే. పోస్ట్‌మ్యాన్ మాత్రం కల్పన. చిలీ రచయిత ఆంటోనియో స్కార్మెటా 1985లో అచ్చు వేసిన నవల ఈ సినిమాకి ఆధారం. నవల జరిగేది చిలీలోని ఇస్లా నెగ్రాలో, 1969 నుంచి 1973 దాకా. సినిమా వాళ్లు దాన్ని ఇరవై ఏళ్లు వెనక్కి, ఇటలీకి తెచ్చారు. ప్రోచిదా, సలీనా దీవుల్లో షూట్ చేశారు. దర్శకుడు మైకేల్ రాడ్‌ఫర్డ్ బ్రిటిష్ వాడు, పుట్టింది మన ఢిల్లీలో.

మారియోగా వేసిన మాస్సిమో ట్రోయిసి గురించి తెలుసుకుని చూస్తే ఈ సినిమా ఇంకోలా కనిపిస్తుంది. నేపుల్స్ పక్కన సాన్ జోర్జియో అ క్రెమానోలో పుట్టాడు. చిన్నప్పుడే రుమాటిక్ ఫీవర్ వచ్చి గుండె పాడైంది. ఈ సినిమా సమయానికి గుండె ఆపరేషన్ చేయించుకోవాల్సిన స్థితి. సినిమా పూర్తి చేశాకే అని వాయిదా వేశాడు. రోజుకి ఎక్కువసేపు నటించలేకపోయేవాడు, దూరం నుంచి తీసిన షాట్లలో డూప్‌ని పెట్టారు. షూటింగ్ అయిపోయిన మర్నాడే, 1994 జూన్ 4న, నిద్రలోనే గుండె ఆగి చనిపోయాడు. వయసు 41. తర్వాత ఆస్కార్‌కి ఉత్తమ నటుడిగా నామినేట్ అయ్యాడు. సినిమాకి మొత్తం ఐదు నామినేషన్లు వచ్చాయి, అవార్డు దక్కింది లూయిస్ బకాలోవ్ సంగీతానికి.

ఆయన అనారోగ్యం మీద జాలితో ఆ నటనని మెచ్చుకోవడం లేదు. ఆ నటనకి జాలి అక్కర్లేదు. మారియో ఏ వాక్యాన్నీ పూర్తిగా చెప్పడు. సగం చెప్పి, చేత్తో ఏదో చూపించి, కళ్లు దించుకుంటాడు. ఉత్తరాలు ఇచ్చేశాక వెళ్లిపోవాలి కదా, వెళ్లడు. గుమ్మం దగ్గరే నిలబడతాడు. నెరుడా చిల్లర ఇస్తాడు, తీసుకుంటాడు, మళ్లీ నిలబడతాడు. పెద్దవాళ్ల ఇంటి ముందు పని మీద వచ్చి, అడగాల్సిన మాట గొంతులోనే ఉండిపోయిన ప్రతి మనిషీ ఆ నిలబడటంలో ఉన్నాడు. నెరుడాగా ఫ్రెంచ్ నటుడు ఫిలిప్ నువారే ఫ్రెంచ్‌లో డైలాగ్ చెబితే తర్వాత ఇటాలియన్ డబ్బింగ్ చేశారట. ఇద్దరూ రెండు భాషల్లో మాట్లాడుకుంటూ నటించారన్నమాట. తెర మీద మాత్రం ఆ దూరం ఎక్కడా తెలియదు.

ఇక నా మనసులో ఎప్పటికీ ఉండే భాగం. నేను దివిసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. నా క్లాసులో సగం మంది వేటకి వెళ్లే ఇళ్ల పిల్లలు. ఏటా అలంకారాలు చెప్పాలి. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. ఆమె ముఖం చంద్రబింబంలా ఉంది. పిల్లలు గైడు చూసి బట్టీ పడతారు, పరీక్షలో రాస్తారు, మార్కులు వస్తాయి. తమ ఇంట్లో అమ్మమ్మ రోజూ ఉపమానాలతోనే మాట్లాడుతుందని వాళ్లకి తట్టదు.

సినిమాలో నెరుడా అదే పాఠం చెబుతాడు. ఆకాశం ఏడుస్తోంది అంటే నీకేం అర్థమైంది అని అడుగుతాడు. వాన పడుతోందని అంటాడు మారియో. అంతే, అయిపోయింది. ఇంత తేలికైన దానికి ‘మెటాఫర్’ అని అంత కష్టమైన పేరెందుకు పెట్టారని మారియోకి ఆశ్చర్యం. మరి తనూ కవి కావాలంటే ఏం చేయాలి? ఒడ్డు వెంట మెల్లగా నడువు, చుట్టూ చూడు అంటాడు నెరుడా. ఏ శిక్షణా తరగతుల్లోనూ మాకు ఇంతకన్నా మంచి పాఠ్యప్రణాళిక ఎవరూ ఇవ్వలేదు.

ఇంకోచోట నెరుడా రాసిన ఒక కవిత గురించి మారియో అడుగుతాడు. మనిషిగా ఉండి ఉండి అలిసిపోయాను అని అందులో ఉంటుంది. మంగలి షాపుల వాసనకి ఏడుపొస్తుందని కూడా. నాకూ అలాగే అనిపించింది, కానీ ఎలా చెప్పాలో తెలియలేదు అంటాడు మారియో. మరి దాని అర్థం ఏమిటి? నెరుడా వివరించడు. వివరిస్తే కవిత చప్పగా అయిపోతుంది, ఆ అనుభవం నీకు కలగడమే దాన్ని అర్థం చేసుకోవడం అన్నట్టు చెబుతాడు. ప్రతిపదార్థం, తాత్పర్యం రాయించడం నా ఉద్యోగం. అవి లేకుండా పాత పద్యాల తలుపు పిల్లలకు తెరుచుకోదని నా నమ్మకం, దాన్ని ఈ సినిమా చూసి మార్చుకోలేదు. కానీ తాత్పర్యం రాయించాక పుస్తకం మూయించి, ఇది నీకెప్పుడైనా అనిపించిందా అని అడగడం ఆ సీన్ చూశాకే మొదలుపెట్టాను.

సముద్రం ఒడ్డున ఇద్దరూ కూర్చున్న సీన్ ఉంది. నెరుడా సముద్రం మీద తన కవిత వినిపిస్తాడు. ఎలా ఉంది అంటే, వింతగా ఉందంటాడు మారియో. కవిత వింతగా ఉందా? కాదు, వింటుంటే నాకు వింతగా అనిపించింది, మాటలు అటూ ఇటూ ఊగుతుంటే ఒళ్లు తిప్పింది, ఆ మాటల మీద ఊగే పడవలా అయిపోయాను అంటాడు. నువ్వు ఇప్పుడు చెప్పిందే ఉపమానం అంటాడు నెరుడా. మారియో ముఖం చూడాలి అప్పుడు. కావాలని చెప్పలేదు కదా, అనుకోకుండా వచ్చింది, అది లెక్కలోకి రాదేమో అని అతని సందేహం. ఆ తర్వాత మెల్లగా ఇంకో ప్రశ్న వేస్తాడు. అయితే ఈ సముద్రం, ఆకాశం, వాన, మబ్బులు, లోకమంతా ఇంకో దేనికో ఉపమానమా? నెరుడా వెంటనే జవాబు చెప్పలేడు. ఈత కొట్టి, ఆలోచించి, రేపు చెబుతానంటాడు. కవి దగ్గర జవాబు లేని ప్రశ్న పోస్ట్‌మ్యాన్ వేశాడు. ఆ క్షణం నుంచి వాళ్లిద్దరూ నా దృష్టిలో సమానం.

నెరుడా చేపల వలలకు ఒక విశేషణం కావాలని మారియోని అడిగే చోట మా క్లాసులో డిజిటల్ తెర మీద సినిమా ఆపాను. మీరైతే ఏం పెడతారు అని అడిగాను. చిరిగిన, తడిసిన, బరువైన అని వెంటవెంటనే చేతులు లేచాయి. వెనక బెంచీలో ఒకబ్బాయి, క్లాసులో నోరు విప్పడం అరుదు, ‘ఏప్రిల్ వలలు’ అన్నాడు. పక్కవాళ్లు నవ్వబోయి ఆగిపోయారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం, ఆ రోజుల్లో వలలు ఇంటి ముందు కర్రల మీద వేలాడుతూ ఉంటాయి, ఆ ఇళ్లల్లో డబ్బులుండవు. విడమరిచి చెప్పక్కర్లేదు, క్లాసులో అందరికీ తెలుసు. సినిమాలో మారియో ఇచ్చే విశేషణం ‘దిగులు’. దిగులు వలలు. తండ్రి రోజూ ముందేసుకుని కూర్చునే వలలు. నా విద్యార్థి మాట మారియో మాటకి ఏమాత్రం తక్కువ కాదు.

ప్రేమకథ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఊళ్లో హోటల్ నడిపే దొన్నా రోజా మేనకోడలు బియాట్రిచే. మారియో ఆమెని చూసి మాట పడిపోయినవాడవుతాడు. తర్వాత నెరుడా కవితలే ఆమెకి చెప్పి మనసు గెలుచుకుంటాడు. దొన్నా రోజా భయం చూడముచ్చటగా ఉంటుంది. మగవాడు మాటలతో తాకడం మొదలుపెడితే చేతులు ఎంతో దూరంలో ఉండవని ఆమె గట్టి అభిప్రాయం. మేనకోడలి దగ్గర దొరికిన కవిత పట్టుకుని చర్చి ఫాదర్ దగ్గరికి పరుగెత్తి చదివించుకుంటుంది. నేను మతీల్దే కోసం రాసిన కవితని నీదంటూ ఎలా ఇచ్చావని నెరుడా నిలదీస్తే, కవిత్వం రాసినవాడిది కాదు, అవసరమున్నవాడిది అని మారియో ఎదురు చెబుతాడు.

ఈ మాటని ప్రేమకథ సరదాలో భాగంగా వదిలేయకూడదు. నెరుడా మనకి మరీ దూరపువాడు కాదు. 1927లో చిలీ కాన్సుల్‌గా రంగూన్ వచ్చాడు. అప్పటి రంగూన్ ఓడరేవులో బరువులు మోసినవాళ్లలో మన కోస్తా జిల్లాల నుంచి ఓడెక్కిన కూలీలు వేలల్లో ఉన్నారు. అక్కణ్ణుంచి కొలంబో వెళ్లాడు. కొలంబోలో తన ఇంటి మరుగుదొడ్డి శుభ్రం చేయడానికి వచ్చే ఒక తమిళ మహిళని బలవంతం చేసిన సంగతి, ఆయన చనిపోయాక 1974లో వచ్చిన ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. 2018లో శాంటియాగో విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టాలన్నప్పుడు చిలీ మహిళలు దాన్నే గుర్తుచేసి అడ్డుపడ్డారు. సినిమాలోని నెరుడా పెద్దమనసున్న, అలిసిపోయిన, మంచి పెద్దాయన. ఆ నెరుడాని చూసి ఈ నెరుడాని మర్చిపోవడం నా వల్ల కాదు. మరుగుదొడ్డి బకెట్ మోసిన ఆ మనిషికి ఆత్మకథలో పేరు కూడా లేదు. ఆయన కవితలు పిల్లలకు చెబుతాను, ఇది కూడా చెబుతాను. కవిత్వం అవసరమున్నవాడిది అని మారియో అన్న మాట అప్పుడు నాకు చాలా బలమైన ఆసరా.

సినిమాకి అసలు గుండెకాయ నెరుడా వెళ్లిపోయాక ఉంది. మారియో పెళ్లి విందు జరుగుతుండగానే కబురు వస్తుంది, స్వదేశానికి తిరిగి వెళ్లొచ్చని. వెళ్లిపోతాడు. ఉత్తరాలు రావు. ఆయన ఎక్కడెక్కడ తిరుగుతున్నాడో పత్రికల్లో వస్తుంది, మారియో పేరు ఉండదు. చివరికి ఒక ఉత్తరం వస్తుంది. రాసింది సెక్రటరీ. అక్కడ వదిలేసిన సామాను పంపించండి అని నాలుగు ముక్కలు. ఇంట్లోవాళ్లకి కోపం. మారియో మాత్రం నన్నెందుకు గుర్తుపెట్టుకోవాలి, నేనేం చేశాను ఆయనకి అంటాడు. ఈ సీన్లో ట్రోయిసి ఏడవడు. ఏడిస్తే మనం తేలికపడేవాళ్లం.

సామాను సర్దడానికి వెళ్లిన మారియోకి ఆ ఇంట్లో పాత టేప్ రికార్డర్ కనిపిస్తుంది. అంతకుముందు ఒక సీన్ ఉంది. చిలీ మిత్రులకు పంపడానికి నెరుడా ఆ మెషిన్ మీద రికార్డ్ చేస్తూ, మీ దీవిలో ఉన్న అద్భుతం ఏదైనా చెప్పు అని మైకు మారియో ముందు పెడతాడు. చాలాసేపు ఆలోచించి మారియో చెప్పింది ఒక్కటే, బియాట్రిచే రుస్సో. ఆమె తప్ప ఆ దీవిలో చెప్పుకోవడానికి ఏమీ లేదని అప్పటికి అతని నమ్మకం. ఇప్పుడు టెలిగ్రాఫ్ ఆఫీసు పెద్ద జోర్జోని వెంటబెట్టుకుని దీవంతా తిరుగుతాడు. చిన్న అలలు. పెద్ద అలలు. కొండరాళ్ల మీద గాలి. పొదల్లో గాలి. తండ్రి దిగులు వలలు. చర్చి గంట. నక్షత్రాలున్న ఆకాశం, దానికీ మైకు ఎత్తి పట్టుకుంటాడు. బియాట్రిచే కడుపులో ఉన్న బిడ్డ ‘పాబ్లితో’ గుండె చప్పుడు. ఒక్కోదానికి నంబరు చెప్పి, పేరు చెప్పి రికార్డ్ చేస్తాడు. ఇంత అందమైన చోట ఉన్నానని నాకే తెలియదు అనే స్థితికి ఆ మనిషి చేరుకున్నాడు.

నవలలోనూ ఈ రికార్డింగ్ ఉంది. అక్కడ పారిస్‌లో రాయబారిగా ఉన్న నెరుడా ఇంటి మీద బెంగతో ఇస్లా నెగ్రా శబ్దాలు రికార్డ్ చేసి పంపమని అడుగుతాడు. సినిమాలో ఎవరూ అడగరు. ఈ ఒక్క మార్పుకే స్క్రీన్‌ప్లే రాసినవాళ్లకి దణ్ణం పెడతాను. తనని మర్చిపోయిన స్నేహితుడి కోసం, ఎవరూ అడక్కుండా, ఒక మనిషి తన ఊరి శబ్దాలు ఏరడం మొదలుపెడతాడు. మొదటి శబ్దం నెరుడా కోసం. మూడోదీ నాలుగోదీ వచ్చేసరికి అతను తన కోసమే వింటున్నాడని ముఖంలో తెలుస్తుంది. వాళ్లిద్దరి స్నేహం సమానమైనది కాదు. ఒకరికి అది ప్రవాసంలో కాలక్షేపం, ఇంకొకరికి జీవితం. సినిమా ఆ తేడాని దాచదు, నెరుడాని తిట్టదు, మారియోని దీనుడిగా చూపించదు. పుచ్చుకున్నవాడు ఇచ్చినవాడికన్నా ఎదిగిపోయాడు, అంతే.

ముగింపులో ఎవరు చనిపోతారన్నది కూడా మార్చారు. నవలలో చిలీలో 1973 సైనిక కుట్ర తర్వాత నెరుడా చనిపోతాడు, మారియోని ఎవరో కార్లో ఎక్కించుకుని తీసుకుపోతారు. సినిమాలో నేపుల్స్‌లో కమ్యూనిస్టుల సభలో తను రాసిన కవిత చదవడానికి వేదిక వైపు వెళ్తుండగా, పోలీసులు విరుచుకుపడిన తొక్కిసలాటలో మారియో ప్రాణం పోతుంది. ఐదేళ్ల తర్వాత వచ్చిన నెరుడా ఆ హోటల్లోనే టేపు వింటాడు. మారియో రాసిన కవిత మనకి వినిపించరు. అదీ మంచిదే. మంచి కవితో చెడ్డ కవితో మనం మార్కులు వేసే అవకాశం ఇవ్వలేదు.

రెండు విషయాల్లో మాత్రం నాకు తీవ్రమైన అసంతృప్తి. మొదటిది బియాట్రిచే. మరియా గ్రాజియా కుచినోత్తా చక్కగా చేసింది, కానీ రాసినవాళ్లు ఆమెకి ఇచ్చింది చూపులు మాత్రమే. కవితలు విన్న తర్వాత ఆమె లోపల ఏం జరిగింది? మారియోకి అయినట్టు ఆమెకీ లోకం మారిందా? పెళ్లయ్యాక ఆమె వంటింట్లో, అతను బల్ల దగ్గర కవిత్వంతో. ఆమెకి ఒక్క సీనైనా ఇచ్చి ఉండాల్సింది. క్లాసులో ఒకమ్మాయి, ‘టీచర్, ఆ అమ్మాయికి కూడా నోట్‌బుక్ ఇవ్వొచ్చు కదా’ అంది. అవును, ఇవ్వాల్సింది.

రెండోది రాజకీయం. దీవిలో మంచినీళ్లు లేవు. ఎన్నికలప్పుడు నాయకుడు దీ కోసిమో వచ్చి నీళ్లు తెస్తానంటాడు, పనులు మొదలవుతాయి, ఓట్లు పడ్డాక ఆగిపోతాయి. ఈ పాయ చాలా నిజంగా ఉంటుంది. నీళ్ల ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టిన ఊళ్లో పెరిగినవాళ్లకి సబ్‌టైటిల్స్ అక్కర్లేదు. కానీ మారియో ఎప్పుడు పార్టీ మనిషయ్యాడో, ఎందుకయ్యాడో సినిమా సరిగ్గా చెప్పదు. నెరుడా మీద ప్రేమతోనా, నీళ్ల మీద కోపంతోనా? చావు దాకా తీసుకెళ్లే నిర్ణయాన్ని రెండు మూడు సీన్లలో దాటేశారు.

నిడివి గంటా నలభై ఎనిమిది నిమిషాలు. తొందరపడదు. ఫోన్ పక్కన పెట్టుకుని చూస్తే చేతిలోంచి జారిపోతుంది, ఎందుకంటే దీని అందమంతా మారియో ఆగిపోయే చోట ఉంది. ఇటాలియన్ ఆడియోతో, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో చూడండి, ట్రోయిసి గొంతు వినకుండా ఈ సినిమా చూసినట్టు కాదు. తెలుగు టీచర్లకి ప్రత్యేకంగా చెబుతున్నాను: మొత్తం సినిమా పదో తరగతి పిల్లలకు వేయనక్కర్లేదు, ప్రేమ కవితల సీన్లు కొన్ని ఆ వయసుకి ఇబ్బందిగా ఉంటాయి. సముద్రం ఒడ్డు సీను, వలల విశేషణం, రెండు టేప్ రికార్డర్ సీన్లు కలిపితే ఒక పీరియడ్‌లో వస్తాయి. మధ్యలో కథ మీరే తెలుగులో చెప్పండి. టేపు సీన్ అయ్యాక పిల్లలకి ఒక హోంవర్క్ ఇవ్వండి, మీ ఊరి శబ్దాలు ఎనిమిది రాసి తీసుకురమ్మని. మా క్లాసులో వచ్చిన కాగితాల్లో ఐసు గడ్డలు పగలగొట్టే చప్పుడు, తెల్లవారుజామున బోటు ఇంజిన్ పట్టుకోకపోతే నాన్న తిట్టే తిట్టు కూడా ఉన్నాయి. వాటికి మార్కులు వేయలేదు, గోడకి అంటించాను.